ఖో అనకముందే లేచినవాళ్ళం

"గ్రౌండు కాడ ఉత్తగనే కూసుంటవు గదా, గీ చిక్కుడుకాయలు పట్కపొయ్యి ఈనెలు తీసుకరా" అంది మా అత్తమ్మ బుచ్చవ్వ, నేను చెప్పులు తొడుక్కుంటుండగా. సంచి అప్పటికే నా చేతిలో పెట్టేసింది కాబట్టి అది అడగడం కాదు, నాది ఒప్పుకోవడమూ కాదు.

ఉత్తగనే అన్న మాటకు నేను అలవాటు పడిపోయాను. పొద్దున లేచి వాకిలి ఊడ్చి ముగ్గేయడం, టిఫిన్లు, బాక్సులు, అత్తమ్మకు బీపీ గోలీ, మా ఆయన సుధాకర్‌కు దుకాణానికి క్యారేజీ, మధ్యాహ్నం మిషన్‌లో బట్టలు, మేడ మీద ఆరేసి మళ్ళీ తెచ్చి మడతపెట్టడం, ఇవన్నీ అయ్యాక కాసేపు కూర్చుంటానా, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఇంట్లోకి వస్తారు. వాళ్ళకు కనబడేది కూర్చున్న నేనే. సుధాకర్‌కు మెదక్ రోడ్డులో బోరు మోటార్ల దుకాణం. "నీకేందే స్వరూపా, ఇంటిపట్టున ఉంటవు" అంటాడు. అందులో ఎత్తిపొడుపు ఏమీ ఉండదు, నిజంగానే అలా అనుకుంటాడు. ఎత్తిపొడిచేవాళ్ళకైతే ఎదురు చెప్పొచ్చు, నిజంగా అనుకునేవాడితో ఏం పెట్టుకుంటాం.

నేను గ్రౌండుకు పోతున్నది మా బిడ్డ కృతిక కోసం. పదో తరగతి చదువుతోంది, బడి ఖో ఖో జట్టులో ఉంది. పోయినేడు జట్టుకు ఎంపికైనప్పుడు సుధాకర్ ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "ఆడితె ఆడనియ్యి గని నువ్వు ఎంబడి పోవాలె. పొద్దుమూకినంక ఆడపిల్లను గ్రౌండుల ఒక్కదాన్ని ఇడిసిపెడ్తమా?" అన్నాడు. గ్రౌండు మా ఇంటికి రెండు సందుల అవతల, బడి వెనకే. లెక్కల ట్యూషన్‌కు పాత బస్టాండు దాటి పోవాలి. దానికి మాత్రం పిల్ల చీకట్లో సైకిలేసుకుని ఒక్కతే పోతుంది, అప్పుడు ఎవరికీ భయం వేయదు. చదువుకు పోయే ఆడపిల్ల జోలికి ఎవరూ రారని మా ఇంట్లో గట్టి నమ్మకం.

కావలి కాసేది నేనొక్కదాన్నే కాదు. జట్టులో చాలామంది ఇళ్ళల్లో ఇదే షరతు. సాయంత్రం ఐదింటికల్లా ప్రహరీ గోడ నీడలో తల్లులం చేరేవాళ్ళం, ఎవరి పని వాళ్ళ సంచిలో. నావి చిక్కుళ్ళో పుంటికూరో. కృతికతో పాటు జట్టులో ఆడే అనమ్ వాళ్ళ అమ్మ జైనబ్ బీ బట్టలు కుడుతుంది, జాకెట్లకు హుక్సులు వేసే పని గ్రౌండుకే తెచ్చుకునేది. ఎస్తేర్ ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు, నైట్ డ్యూటీ. గోడకు తల ఆనించి కునుకు తీయడమే ఆమె అక్కడ చేసుకునే పని. పిల్లలు అటు పరిగెడుతుంటే మేము ఇటు సంసారాలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. ఆట పెద్దగా చూసిందేం లేదు. విజిల్ వినిపిస్తే తలెత్తేవాళ్ళం, మన పిల్ల కింద పడలేదు కదా అని చూసుకుని మళ్ళీ ఈనెల్లో పడేవాళ్ళం.

కానీ ఆట చూడకపోయినా బిడ్డను చూస్తాం కదా. ఎనిమిదో తరగతిలో కృతిక జవాబు తెలిసినా చెయ్యెత్తేది కాదు, తప్పయితే నవ్వుతారని. పరీక్షలో రెండు మార్కులు తగ్గితే బాత్రూంలో గడియ పెట్టుకుని నల్లా తిప్పి ఏడ్చేది, నీళ్ళ చప్పుడులో బయటికి వినబడదని. ఆ నల్లా ఉపాయం నాకూ తెలుసు. ఆటలోకి వచ్చాక మొదట మారింది ఆకలి. పళ్ళెంలో అన్నం కెలికే పిల్ల జొన్నరొట్టె మీద రొట్టె అడగసాగింది. తర్వాత నిద్ర పట్టింది. ఆ తర్వాత నోరు వచ్చింది. ఒకసారి గజ్వేల్ పిల్లల మీద ఓడిపోయి వచ్చి, మోకాలికి పసుపు పెట్టించుకుంటూ, "నేనే లైన్ దాటిన అమ్మా. గందుకే పోయింది. రేపటి నుంచి దాటను" అంది, ఏడవకుండా, వేరేవాళ్ళ మీద నెట్టకుండా. మరో నెలకు లెక్కల స్లిప్ టెస్టులో తక్కువొస్తే తనే సార్ దగ్గరికి పోయి ఎక్కడ తప్పిందో అడిగి తెలుసుకుంది. ఈ ధైర్యం ఎక్కడ నేర్చిందా అని చాలా రోజులు ఆలోచించాను. ఆ గ్రౌండులో సాయంత్రం అయితే చాలు, అందరి ముందూ దాని తప్పుకు విజిల్ ఊదుతారు. అది తప్పు సరిచేసుకుని మళ్ళీ పరిగెడుతుంది. తప్పు చేస్తే కొంపలు మునగవని దానికి అక్కడ తెలిసింది. ప్రాక్టీసు అయిపోయాక అనమ్, కృతిక మెట్ల మీద కూర్చుని, అనమ్ దీనికి సైన్స్, ఇది అనమ్‌కు లెక్కలు చెప్పుకునేవాళ్ళు. ట్యూషన్‌లో పక్కపక్కన కూర్చున్నప్పుడు పేపరు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్న పిల్లలే వాళ్ళు.

దసరా సెలవులు అయిపోయి బడి తెరవగానే పిడుగులాంటి మాట వచ్చింది. పదో తరగతికి సాయంత్రాలు స్పెషల్ క్లాసులు, ఇక ఆటలు బంద్, హుస్నాబాద్‌లో జరిగే జోనల్ పోటీలకు పదో తరగతి పిల్లల్ని పంపడం లేదని ప్రిన్సిపాల్ భూమయ్య సార్ తల్లిదండ్రులకు ఫోన్లలో మెసేజ్ పెట్టాడు. ఏమన్నా చెప్పదలచుకున్నవాళ్ళు శనివారం మీటింగులో చెప్పొచ్చట. సుధాకర్ ఆ మెసేజ్ అన్నం దగ్గర పైకి చదివాడు.

"మంచిగ చెప్పిండు సారు. ఇగ ఆటలు సాలు. పది గట్టెక్కాలె ముందుగాల."

"బాపూ, హుస్నాబాద్ ఒక్కటి పోయొస్త. జట్టుల నేను లేకుంటె..." అంది కృతిక.

"పోతె ఏం లాభం? కప్పు తెస్తె ఇంటర్ల ఫ్రీ సీటిస్తరా?" అని నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పరాదా జర."

నేను ఆయన పళ్ళెంలో ఇంకాస్త అన్నం వడ్డించాను. ఆ పూట కృతిక అన్నం కెలికింది. కాసేపటికి బాత్రూంలో నల్లా చప్పుడు వినబడింది. తోముతున్న గిన్నెలు వదిలేసి ఆ తలుపు దగ్గరికి పోయాను. ఏడాది పాటు కష్టపడి బయటికి వచ్చిన పిల్ల మళ్ళీ అదే గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. నేను తల్లిని, తలుపు ఇవతల నిలబడ్డాను, నా దగ్గర చెప్పడానికి ఒక్క మాట లేదు. ఆ రోజు నా మీద నాకే అసహ్యమేసింది.

శనివారం వరకు ప్రాక్టీసు సాగింది. కానీ పదో తరగతి పిల్లలు కొందరు అప్పుడే మానేశారు, వాళ్ళ ఇళ్ళల్లో మీటింగు దాకా ఆగలేదు. ఆ శనివారానికి ముందు సోమవారం ఆటల టీచర్ అనసూర్య మేడం విజిల్ మెడలో వేసుకుని మా గోడ దగ్గరికి వచ్చింది.

"అక్కా, డబ్బాలు ఖాళీ ఉన్నయి. పిల్లలు తక్కువ పడ్డరు. జర ఒచ్చి కూసోరాదుండ్రి. మీరు ఉరుకుడేం లేదు. ఉత్తగ కూసునుడే."

"ఉత్తగ కూసునుడైతే మాకు మస్తు అలవాటు మేడం. ఇంట్లగూడ గదే చేస్తమంటరు" అంది జైనబ్ బీ సూది జాకెట్టుకు గుచ్చి పెడుతూ. ఎస్తేర్ నిద్రలోంచి లేచి మరీ నవ్వింది.

చీర కుచ్చిళ్ళు దోపుకుని పోయి కూర్చున్నాం. ఖో ఖో ఎరగనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఒక గీత మీద వరుసగా ఎనిమిది గళ్ళలో, అంటే మేడం చెప్పిన డబ్బాల్లో, ఎనిమిది మంది కూర్చుంటారు, ఒకరు ఇటు మొహం, ఒకరు అటు మొహం. తొమ్మిదో మనిషి ఎదుటి జట్టువాళ్ళను తరుముతుంది. తను అలిసినా, అందుకోలేననుకున్నా, కూర్చున్నవాళ్ళలో ఒకరి వీపు మీద చెయ్యి వేసి "ఖో" అంటుంది. అప్పుడు ఆ కూర్చున్న మనిషి లేచి పరిగెత్తాలి, తరిమిన పిల్ల ఆ గడిలో కూర్చోవాలి. ఇంతే. పిల్లలు మా మీద దయతలచి, మీరు లేచి పక్కకు తప్పుకుంటే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నారు.

అనమ్ తరుముతోంది. నా మొహం గోడ వైపు ఉంది, వెనక ఏం జరుగుతుందో కనబడదు. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. నేను లేచి నిలబడ్డాను. విజిల్.

"ఫౌల్. అక్కా, ఇంక ఖో అననే లేదు" అంది మేడం.

సరే అని కూర్చున్నాను. ఆట మళ్ళీ మొదలైంది, మళ్ళీ వెనక చప్పుడు, మళ్ళీ నేను లేచాను, మళ్ళీ విజిల్. నేనొక్కదాన్నే తెలివితక్కువదాన్ని కాబోలు అనుకునేలోపు జైనబ్ బీ లేచింది, సొంత కూతురు ఇంకా రెండు గళ్ళ అవతల ఉండగానే. తర్వాత ఎస్తేర్. పిల్లలు గ్రౌండు మీద పడి దొర్లుతూ నవ్వారు. మేడం విజిల్ తీసి చేత్తో పట్టుకుంది.

"ఎందుకు లేస్తున్రు అక్కా? ఎవరు పిలిసిన్రు?"

"చప్పుడైంది గద మేడం" అన్నాను.

"చప్పుడైతె లెవ్వద్దు. ఈపు మీద చెయ్యి పడాలె, నోటితోని ఖో అనాలె. అప్పుడే. పిల్లలకు బిరాన లెవ్వుడు నేర్పనీకి నాకు యాష్టకొస్తది. మీకేమో కూసునుడు నేర్పాలె."

మేమందరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. జైనబ్ బీ నా భుజం పట్టుకుని, "అల్లా, మనకు గిదే రోగం ఉన్నది స్వరూపక్కా" అంది. నేనూ నవ్వాను. నవ్వి కూర్చున్నాక, గోడ వైపు మొహం పెట్టుకుని ఉన్న ఆ కాసేపట్లో నవ్వు పోయింది. నిజంగానే, ఇంట్లో నన్ను ఎవరు పిలుస్తారు? గేటు చప్పుడైతే పొయ్యి వెలిగిస్తాను. అత్తమ్మ మంచం కిర్రుమంటే గోలీ, నీళ్ళు పట్టుకుని నిలబడతాను. సుధాకర్ గొంతు సవరించుకుంటే మజ్జిగ, పళ్ళెం ముందుకు జరిపితే అన్నం, చొక్కా గుండీ మీద చెయ్యి వేస్తే ఇస్త్రీ. కుర్చీ జరిగిన చప్పుడును బట్టి ఎవరికి ఏం కావాలో నాకు తెలుసు. మా చుట్టాల ముందు సుధాకర్ ఎప్పుడూ గొప్పగా చెప్పుకునే మాట ఒకటుంది. "మా ఇంట్ల ఆమెకు ఎవ్వలం పని చెప్పం." వినేవాళ్ళు నన్ను అదృష్టవంతురాలిని చూసినట్టు చూసేవారు. నాకు ఆ మాట విన్నప్పుడల్లా ఎక్కడో మండేది, కానీ తప్పు పట్టడానికి దొరికేది కాదు, ఎందుకంటే అది అబద్ధం కాదు. ఆయన నాకు ఎన్నడూ పని చెప్పలేదు. చెప్పే అవసరం నేను రానియ్యలేదు. ఏళ్ళ తరబడి ఎవరూ ఖో అనకముందే లేస్తూ ఉన్నాను, ఆ ఇంట్లో విజిల్ ఊదే మనిషి లేదు కాబట్టి ఆట అలాగే సాగిపోయింది.

ఆ సాయంత్రం చివరికి ఒక్కసారి నేను సరిగ్గా కూర్చున్నాను. చప్పుడు వచ్చింది, కాళ్ళు లేవబోయాయి, వేళ్ళతో మట్టి గట్టిగా పట్టుకుని ఆగాను. వీపు మీద చెయ్యి పడింది. "ఖో" అని నా బిడ్డ అరిచింది. అప్పుడు లేచాను, పక్కకు తప్పుకోకుండా పరిగెత్తాను కూడా. ఎవరినీ పట్టుకోలేదు. ఆయాసంతో చచ్చాననుకున్నాను. కానీ ఎంత బాగుందో చెప్పలేను, చిన్నప్పటి తర్వాత ఎవరో తరమకుండా, ఏదో మాడిపోతుందని కాకుండా నేను పరిగెత్తింది అదే.

ఇంటికొచ్చి అన్నాలకు కూర్చున్నాం. సుధాకర్ చూపు నీళ్ళ జగ్గు మీదికి పోయింది. జగ్గు ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది, నాకు రెండు పళ్ళాల అవతల ఉంది. నా కాళ్ళు లేవబోయాయి. కూర్చున్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. కృతిక ముద్ద నోటి దగ్గర ఆపి నన్నే చూస్తోంది, దాని పెదాల మీద నవ్వు తిరుగుతోంది.

"ఏంది, పానం బాగలేదా?" అన్నాడు సుధాకర్.

"బాగనే ఉన్నది. ఏం గావాలె?"

ఆయన నిజంగా తడబడ్డాడు. ఏం కావాలో నోటితో చెప్పాల్సి రావడం ఆయనకు కొత్త. "నీళ్ళు" అన్నాడు చివరికి. పోశాను. కోపంగా కాదు, మామూలుగానే పోశాను. అడిగినదానికి ఇవ్వడంలో నాకేం చిన్నతనం లేదు. మర్నాడు కూడా అడిగాడు. ఆ తర్వాతి రోజుకు అడగడం కన్నా చెయ్యి చాచడమే సులువని ఆయనకే తోచినట్టుంది, జగ్గు తనే అందుకున్నాడు.

అత్తమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఏమైందే నీకు? నాలుగొద్దుల సంది మొద్దులెక్క కూసుంటున్నవ్" అని అడిగింది.

"కూసునుడు నేర్పిస్తున్నరు అత్తమ్మా, గ్రౌండుల."

ఎగతాళి చేస్తున్నాననుకుని కాసేపు మొహం చిట్లించింది. నేను ఫౌళ్ళ సంగతి మొత్తం చెప్పాను, జైనబ్ బీ లేచిన తీరు చేసి మరీ చూపించాను. ఆమె నవ్వలేదు. కాళ్ళు నిమురుకుంటూ, "చిన్నప్పుడు నేను చిర్రగోనె మా అన్నలకన్న మంచిగ కొడుతుంటి. పెద్దమనిషైనంక ఒక్కపారి ఆడితె మా నాయిన గదే చిర్రకట్టెతోని నా ఈపు వాయగొట్టిండు" అంది. అంతకు ముందు ఆ బిళ్ళంగోడు ఆట మాట ఆమె నాకు ఎన్నడూ చెప్పలేదు. ఆ మరుసటి రోజు నేను సంచి కోసం చూస్తే కూరగాయలు ఆమె దగ్గరే ఉన్నాయి, టీవీ చూస్తూ తనే ఒలుచుకుంటోంది.

శనివారం మీటింగు. బడి హాల్లో ముందు వరసల్లో తండ్రులు, వెనక తల్లులం. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అయినా అలాగే కూర్చున్నాం. భూమయ్య సార్ చెడ్డవాడేం కాదు. పోయినేటి ఫలితాలు చెప్పాడు, పక్క బడి ఫలితాలు చెప్పాడు, ఈ కొన్ని నెలలు పిల్లల్ని కట్టడి చేస్తే జీవితమంతా సుఖపడతారని చెప్పాడు. తండ్రులు తలలూపారు. అనసూర్య మేడం గోడ పక్కన నిలబడి నేల చూస్తోంది. ఆమె మాట్లాడితే నౌకరీకే ఎసరు.

"ఆటల గురించి ఎవరన్నా చెప్పేది ఉందా?" అని సార్ అడిగాడు. అడుగుతూనే ముందున్న కాగితాలు సర్దుకుంటున్నాడు. ముందు వరసలో సుధాకర్ ఫోన్ చూసుకుంటున్నాడు.

ఎవరూ లేవలేదు. జైనబ్ బీ నా చెయ్యి నొక్కింది. నేను సుధాకర్ తల వెనక భాగం చూస్తూ కూర్చున్నాను, ఒక్కసారి వెనక్కి తిరుగుతాడేమో, నువ్వు చెప్పు అని సైగ చేస్తాడేమో అని. తిరగలేదు. తిరగడని నాకు తెలుసు. ఇంట్లో నన్ను పిలవరు, పిలవకుండానే లేస్తానని. ఇక్కడా పిలవరు, నా దగ్గర చెప్పడానికి ఏముంటుందని. ఆ రెండూ ఒక్కటేనని అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఇక కూర్చోబుద్ధి కాలేదు. ఎవరూ పిలవకుండానే లేచాను, ఈసారి తెలిసి లేచాను.

"సార్, నేను కృతిక వాళ్ళ అమ్మను. పేరు స్వరూప" అన్నాను. "ఎనిమిదిల మా బిడ్డ తప్పు చెప్తె నవ్వుతరని నోరు తెరవకపోతుండె. ఇప్పుడు తెరుస్తున్నది. గా నోరు గ్రౌండుల ఒచ్చింది సార్. మీరు చెప్పే చదువుకు గూడ గా నోరు గావాలె గదా. ఆటలు బందు వెట్టినరని తెలిసినరోజు మళ్ళ అన్నం తినలేదు. స్పెషల్ క్లాసులు వద్దంటలేను. ఐదున్నరకు ఇడిసిపెట్టున్రి, ఆ తర్వాత ఒక్క గంట ఆడుకోనియ్యున్రి. హుస్నాబాద్ పంపియ్యున్రి. మార్కులు తగ్గితె నేనే ఆపుత."

భూమయ్య సార్ కళ్ళజోడు సవరించుకుని, "కృతిక వాళ్ళ నాన్నగారు ఏమంటారమ్మా?" అన్నాడు.

"ఆయన గ్రౌండుకు ఎన్నడు రాలే సార్. ఏడాది సంది నేనే పోతున్న."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అందరూ సుధాకర్ వైపు తిరిగారు. ఆయన చెవులు ఎర్రబడడం నేను అంత దూరం నుంచీ చూశాను. ఆయన సగం లేచి, మళ్ళీ కూర్చుని, "ఆమె రోజు పోతది సార్. ఆమెకే ఎరుక" అన్నాడు.

"మా అనమ్‌ది గూడ గదే మాట సార్" అని జైనబ్ బీ లేచింది. ఆమె వెనక ఎస్తేర్. ఆ తర్వాత ఇంకా ఇద్దరు ముగ్గురు, పేరు కూడా తెలియని తల్లులు. ముందు వరసలోంచి ఒక తండ్రి కూడా లేచాడు, అది మాత్రం నేను అనుకోలేదు. భూమయ్య సార్ అనసూర్య మేడంను పిలిచి మాట్లాడి, ఐదున్నరకు క్లాసు వదులుతామని, పిల్లల్ని పోటీలకు పంపుతామని ఒప్పుకున్నాడు.

మీటింగు అయ్యాక అత్తమ్మ గోలీలు కొనుక్కుని బండి మీద చుట్టు తిరిగి ఇంటికి వస్తుంటే, కోమటి చెరువు కట్ట మీద సుధాకర్, "ముందుగాల నాకొక్క మాట చెప్తె ఏమైతుండె?" అన్నాడు.

"నువ్వు అడగలే."

ఇంకాస్త దూరం పోయాక వేగం తగ్గించాడు. "అది ఆటల మంచిగ ఉరుకుతదా?" అని అడిగాడు. ఏడాదిలో ఆయన ఆట గురించి అడిగిన మొదటి ప్రశ్న. చెప్పడం మొదలుపెట్టాను, ఇల్లు వచ్చినా అయిపోలేదు, గేటు ముందు బండి ఆపుకుని మిగతాది విన్నాడు.

పిల్లల క్లాసు ఐదున్నరకు వదిలితే మేమేమో పాత అలవాటుకు ఐదింటికే పోయేవాళ్ళం. ఆ అరగంట గ్రౌండు మాది అయిపోయింది. అనసూర్య మేడం మాకు నేర్పడం మొదలుపెట్టింది. ఎస్తేర్ పంజాబీ డ్రెస్సులో వచ్చింది, తర్వాత నేనూ కృతిక పాత బూట్లు తొడుక్కున్నాను. జైనబ్ బీ మా అందరిలో ఎక్కువ ఉరుకుతుంది, పట్టుకుంటే వదలదు. ఒళ్ళు నొప్పులు, గీరుకున్న గాయాలు, ఇంటికి పోతూ దారిలో నవ్వులు. నాకు ఇంత ఆకలి, ఇంత నిద్ర ఎన్నడూ లేవు. పిల్లలు క్లాసు నుంచి వచ్చి మా ఆట చూసి, ఫౌల్ ఫౌల్ అని అరిచేవాళ్ళు.

జట్టు హుస్నాబాద్ పోయే రోజు పొద్దున్నే బస్టాండుకు పోయి ఎక్కించి వచ్చాం. "నువ్వు ఎంబడి పోవా?" అని సుధాకర్ అడిగాడు. మేడం ఉంది, జట్టు మొత్తం ఉంది, దానికి నేను అక్కర్లేదు అన్నాను. ఆయన బస్సు కిటికీలో కూతురి వైపు తిరిగాడు. బస్సు కదిలేటప్పుడు కృతిక మాకు చెయ్యి ఊపలేదు, పక్కనున్న అనమ్‌తో ఏదో గట్టిగా వాదిస్తోంది. నాకు ఆ వాదన చూడడానికి చాలా సంతోషంగా ఉంది.

ఆ సాయంత్రం ఐదింటికి నేను బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాను. దుకాణం నుంచి టీకి వచ్చిన సుధాకర్ గడపలో ఆగాడు. అత్తమ్మ టీవీ చప్పుడు తగ్గించింది.

"పిల్ల హుస్నాబాద్ పాయె గద. ఇంక గ్రౌండుకెందుకు?"

చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. నడుం నొప్పికి మంచిదని చెప్పొచ్చు. షుగర్ రాకుండా ఉంటుందని, బరువు తగ్గుతుందని, నేను బాగుంటేనే కదా ఇల్లు బాగుండేది అని చెప్పొచ్చు. తను లేకపోయినా ఆట మానొద్దని మేడం చెప్పి పోయిందని చెప్పొచ్చు. నా బిడ్డ ఆట కోసం అంతమంది ముందు నిలబడి లాభాలన్నీ చెప్పినదాన్ని, నా ఆటకు చెప్పలేనా. అవన్నీ వరసగా నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ అబద్ధం కాదు. రెండో బూటు తాడు కూడా కట్టుకుని లేచాను.

"నువ్వు ఆడితె ఏం లాభం?" అన్నాడు ఆయన, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే.

"ఏం లాభం లేదు" అన్నాను. "ఆడుకోనీకి పోతున్న."